కర్నూలులో ట్రాన్స్‌ప్లాంట్‌కు ముందు చేసే హెపటైటిస్ బి పరీక్షల ప్యాకేజీ: 3/5

స్టెమ్ సెల్ ట్రాన్స్‌ప్లాంట్ కోసం హైదరాబాదో, బెంగళూరో, వెల్లూరో వెళ్లే మన జిల్లా పేషెంట్లలో చాలామంది రక్తపరీక్షలు ఇక్కడే చేయించుకుని బయల్దేరతారు. గాయత్రి ఎస్టేట్స్ వైపు ఒక ల్యాబ్ వాళ్ల కోసం ఇస్తున్న వైరల్ మార్కర్ల (రక్తంలో వైరస్ జాడలు చూసే పరీక్షల) ప్యాకేజీ గురించి ఇది.

శాంపిల్ దగ్గర వంక పెట్టడానికి లేదు. యాంటీబాడీలకు సీరం ట్యూబు, వైరస్ డీఎన్‌ఏకు (రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే పరీక్ష) ఊదా మూత ఈడీటీఏ ట్యూబు విడివిడిగా తీస్తారు. ప్లాస్మా అదే రోజు వేరుచేసి చల్లగా పంపుతారు. సర్ఫేస్ యాంటిజెన్‌ను (వైరస్ పైపొర ప్రొటీన్) రాపిడ్ కార్డు మీద కాకుండా మెషీన్ మీదే చూస్తారు. తక్కువ మోతాదులో ఉన్న యాంటిజెన్ కార్డుకు దొరక్కపోవచ్చు కాబట్టి ఇది పెద్ద మేలు.

రెండు మార్కులు పోయింది కోర్ యాంటీబాడీ (వైరస్ లోపలి భాగానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీ) దగ్గర. ప్యాకేజీలో ఉన్నది దానిలో ఐజీఎం రకం. అది ప్రధానంగా ఈమధ్య సోకిన జబ్బును పట్టిస్తుంది. ఇక్కడ కావాల్సింది పాత జబ్బును కూడా పట్టించే ‘యాంటీ హెచ్‌బీసీ టోటల్’. ఎప్పుడో వచ్చి తగ్గిపోయిన హెపటైటిస్ బి ఉన్నా సర్ఫేస్ యాంటిజెన్ నెగటివే వస్తుంది, కానీ వైరస్ మాత్రం కాలేయ కణాల్లో సీసీసీడీఎన్‌ఏగా (కణంలో దాగి ఉండే వైరస్ జన్యుపదార్థంగా) ఉండిపోతుంది. కీమో, స్టెరాయిడ్లు, రిటుక్సిమాబ్ (బి కణాలను తగ్గించే మందు) పడ్డాక మళ్లీ లేవచ్చు. పాత రక్షణ యాంటీబాడీ ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత నెలల తరబడి తగ్గుతూ పోతుంది గనక ఏడాది దాటాక కూడా ఈ ప్రమాదం ఉంటుంది. కామెర్లు కనపడే దాకా ఆగితే ప్రాణం మీదికి వస్తుంది. దయచేసి డాక్టరు చీటీలో ‘టోటల్’ అనే మాట రాయించుకుని వెళ్లండి, అడిగితే విడిగా చేస్తారు.

రక్తం, ప్లేట్‌లెట్లు, ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించకముందే శాంపిల్ ఇవ్వండి. ఎక్కించాక అయితే దాతల యాంటీబాడీయే మీ సొంతదిలా కనపడి పాజిటివ్ రావచ్చు. స్టెమ్ సెల్స్ ఇచ్చే దాతకు కూడా ఈ పరీక్షలన్నీ కావాలి. ప్యాకేజీలో ఆ ఊసే లేదు.

డీఎన్‌ఏ రిపోర్టులో ‘నాట్ డిటెక్టెడ్’ వేరు, ‘డిటెక్టెడ్, బిలో క్వాంటిఫికేషన్ లిమిట్’ వేరు. రెండోదానికి అర్థం వైరస్ ఉందని, లెక్కకు అందనంత తక్కువగా ఉందని. కౌంటర్లో రెంటినీ నార్మల్ అనేస్తున్నారు, ఇది మార్చుకోవాలి.

టోటల్ పాజిటివ్ వస్తే మందు నిర్ణయం హెపటాలజిస్టుది. మామూలుగా రాసేది ఎంటెకావిర్ 0.5 మి.గ్రా., రోజుకొకటి. తిన్న 2 గంటలకు వేసుకుని, మరో 2 గంటలు ఏమీ తినకూడదు. కిడ్నీ పనితీరు తగ్గితే మోతాదు మారుస్తారు. లేదంటే టెనోఫోవిర్ అలాఫినమైడ్ 25 మి.గ్రా., భోజనంతో పాటు. ల్యామివుడిన్ చవకే, కానీ ఎక్కువ కాలం వాడితే వైరస్ దానికి లొంగకుండా తయారవుతుంది. కండిషనింగ్ కీమోకు (ట్రాన్స్‌ప్లాంట్‌కు ముందు ఇచ్చే కీమోకు) ముందే మొదలుపెట్టి, ఇమ్యూనిటీ తగ్గించే మందులు ఆపాక కూడా కనీసం 12 నెలలు, రిటుక్సిమాబ్ పడితే 18 నెలలు కొనసాగిస్తారు. ఒంట్లో బాగుందని ఎవరికి వారు ఆపేయడం అన్నిటికన్నా ప్రమాదం. ఆపాక కూడా ఏడాది పాటు ఎస్‌జీపీటీ (కాలేయ పరీక్ష), డీఎన్‌ఏ చూపించుకుంటూ ఉండాలి.

ఆ ఫాలోఅప్ డీఎన్‌ఏలకు ఈ ల్యాబ్ బాగానే పనికొస్తుంది. ప్రతిసారీ ఒకే చోట ఇస్తే అంకెలు పోల్చుకోవడానికి వీలుంటుంది. శనివారం మధ్యాహ్నం దాటాక మాత్రం శాంపిల్ ఇవ్వకండి, సోమవారం దాకా ఇక్కడే ఉండిపోతుంది.