62 అంగుళాల టేక్‌డౌన్ రికర్వ్ విల్లు: ఏళ్ల తరబడి గురికీ వేటకీ వాడాక

ముందే తేల్చి చెబుతున్నాను: ఈ విల్లు కొనండి, కానీ లాగడానికి 45 పౌండ్ల బలం కావాల్సిన లింబ్‌లతో (పైనా కిందా వంగే బద్దలతో) మొదలుపెట్టకండి. జింక వేటకి ఎలాగూ అంత కావాలి కదా, రెండుసార్లు ఖర్చెందుకు అని అమెరికాలో ఉన్న మనవాళ్ళు చాలామంది ఒకేసారి పెద్దది తెప్పించుకుంటారు. కొన్నాళ్ళకి భుజం పట్టేస్తుంది, విల్లు గరాజ్‌లో మూలన పడుతుంది. రైజర్ (మధ్యలో చేత్తో పట్టుకునే భాగం) అలాగే ఉంచి లింబ్‌లు మాత్రం మార్చుకోగలగడమే ఈ టేక్‌డౌన్, అంటే విడదీసే తరహా విల్లుకున్న అసలు సుగుణం. అది వాడుకోకపోతే దీన్నే ఎంచుకోవడంలో అర్థం లేదు.

చెక్క రైజర్, చెక్కా ఫైబర్‌గ్లాస్ పొరలు అతికించి, కొసలు ముందుకి వంచిన రెండు లింబ్‌లు (రికర్వ్ అనేది ఈ వంపుకే), చేత్తో తిప్పి బిగించే రెండు బోల్టులు, ఒక నారి. విల్లంటే ఇంతే. ఇవే కొలతల్లో చాలా కంపెనీలు చేస్తున్నాయి, ధర 150 డాలర్లకి కాస్త అటూ ఇటూ. లింబ్‌లు 25 నుంచి 60 పౌండ్ల దాకా, 5 పౌండ్ల తేడాతో విడిగా దొరుకుతాయి.

లింబ్ మీద రాసి ఉండే బరువు 28 అంగుళాలు లాగినప్పటిది. ఒక అంగుళం తగ్గితే దాదాపు 2 నుంచి 2.5 పౌండ్లు తగ్గుతుంది. రెండు చేతులూ బారజాపి, వేలికొస నుంచి వేలికొసకి కొలిచి 2.5తో భాగిస్తే మీ లాగుడు పొడవు ఉజ్జాయింపుగా తెలుస్తుంది. 5 అడుగుల 7 అంగుళాల మనిషికి అది సుమారు 27 అంగుళాలు. అంటే 40 అని రాసి ఉన్న లింబ్ ఆయన చేతిలో 37, 38 మధ్య ఉంటుంది. ఒహాయో లాంటి రాష్ట్రంలో జింక వేటకి కనీసం 40 పౌండ్లు ఉండాలని నియమం ఉంది. అలాంటిచోట రాసిన అంకె నమ్ముకోకుండా విల్లు తూచే స్కేలు మీద చూసుకోవాలి.

పెద్దవాళ్ళకి 25 గానీ 30 గానీ సరైన మొదలు. లాగేటప్పుడు విల్లు పట్టిన భుజం చెవి వైపు లేస్తున్నా, నడుం వెనక్కి వాలుతున్నా, నోటి మూలకి వేలు ఆనకముందే బాణం వదిలేస్తున్నా ఆ లింబ్ మీకు ఎక్కువే. పూర్తిగా లాగి వణుకు లేకుండా పది సెకన్లు నిలపగలిగితే, 40, 50 బాణాలు వేశాక కూడా నిలపగలిగితే, అప్పుడు 5 పౌండ్లు పెంచుకోండి, అంతకు మించి వద్దు. మొదటి వారాల్లో గురి బొమ్మే అక్కర్లేదు. మూడు నాలుగు గజాల దూరంలో ఖాళీ బస్తా లక్ష్యం పెట్టుకుని, వదిలేటప్పుడు వెన్ను కండరాలు పనిచేస్తున్నాయా, చెయ్యి చెంప వెంబడే వెనక్కి పోతోందా అన్నదొక్కటే చూసుకోవాలి. బరువు ఎక్కువైన చేతికి ఈ అలవాటు రాదు, పైగా గురి మీదికి రాకముందే వదిలేసే జబ్బు పట్టుకుంటుంది. అది వదిలించుకోవడం చాలా కష్టం.

నారి ఎక్కించడానికి బో స్ట్రింగర్ (రెండు లింబ్ కొసలకి తొడిగి విల్లుని వంచే తాడు) తప్పకుండా వాడండి. కాలు మధ్యలోంచి దూర్చి, తొడకి ఆనించి వంచే పద్ధతిలో కింది లింబ్ మెలి తిరుగుతుంది, ఒకసారి తిరిగితే మళ్ళీ దారికి రావడం కష్టం. నారి పెద్ద కంత పై లింబ్‌కి, చిన్నది కింది కొసకి. స్ట్రింగర్ తాడు మీద కాలు వేసి, రైజర్ పైకి లాగి, పై కంతని గాడిలోకి జార్చాలి. వదిలేముందు రెండు కంతలూ గాడిలో సరిగ్గా కూర్చున్నాయో లేదో వేలితో తడిమి చూడాలి. తర్వాత విల్లుని వెనకనుంచి చూస్తే నారి రెండు లింబ్‌ల నడిమధ్యగా కనబడాలి.

పట్టు లోతైన చోటు నుంచి నారి దాకా ఉండే దూరమే బ్రేస్ హైట్. ఈ కొలత విల్లుకి 7.5 నుంచి 8.25 అంగుళాల మధ్య ఉండాలి. కొత్త నారి సాగుతుంది, మొదటి రోజుల్లో పావు అంగుళం దాకా పడిపోవచ్చు. అప్పుడు నారి ఒక కొస విప్పి, మెలికలు పెంచితే సరి. బ్రేస్ హైట్ పడిపోయిన విల్లు ముంజేతిని కొడుతుంది, చప్పుడు చేస్తుంది. చేతి తప్పనుకుని చాలామంది చేతినే సరిదిద్దుకుంటూ కూర్చుంటారు. విల్లుతో వచ్చే నారి మామూలు డాక్రాన్ (కాస్త సాగే పాలిస్టర్ దారం), పని జరుగుతుంది గానీ మధ్యలో బాణం తగిలించే చోటి దారపు చుట్టు త్వరగా వదులవుతుంది. నేను 40 పౌండ్ల పైన 14 పోగుల డాక్రానే వాడుతున్నాను. సాగని ఫాస్ట్‌ఫ్లైట్ రకం నారి కాస్త వేగం ఇస్తుంది, కానీ లింబ్ కొసలు దానికోసం బలపరిచినవైతేనే వేయాలి, లేకపోతే కొసలు చీలతాయి.

ఇక బాణాలు. విల్లు బాగాలేదన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం నిజానికి బాణాలవే. కార్బన్ బాణం మీద ఉండే 500, 600, 700 అంకెలు దాని వంగుడుని చెబుతాయి: 28 అంగుళాల దూరంలో ఆధారాలు పెట్టి నడుమ 1.94 పౌండ్ల బరువు వేలాడదీస్తే అంగుళంలో వెయ్యో వంతులు ఎన్ని వంగిందో అదే ఆ అంకె. అంకె పెరిగితే బాణం మెత్తన. 30, 35 పౌండ్లకి 600 గానీ 700 గానీ, 45కి 500 దగ్గర మొదలుపెట్టొచ్చు. పూర్తి పొడవుతో కొనండి, కొట్లో కోయించుకోవద్దు.

కొన్న బాణాల్లో రెండింటికి ఈకలు తీసేసి 10, 15 గజాల్లో మిగతావాటితో కలిపి వేయండి. కుడిచేతి వాటం వాళ్ళకి ఈకల్లేని బాణం ఎడమకి పడితే అది బిరుసు: బరువైన మొన వేయాలి. కుడికి పడితే మెత్తన: తేలిక మొన వేయాలి, లేదా పావు అంగుళం చొప్పున కోస్తూ రావాలి. మిగతావాటికన్నా కిందికి పడితే నారి మీది నాకింగ్ పాయింట్ (బాణం తోక ఆనే పూస) ఎత్తు ఎక్కువైందని అర్థం. దాన్ని బో స్క్వేర్‌తో (నారికి తగిలించే T ఆకారపు కొలబద్దతో) మట్టానికి అర అంగుళం పైన మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా దించాలి. మూడు వేళ్ళూ బాణం కిందే పెట్టి లాగేవాళ్ళకి ఇంకాస్త ఎత్తు కావాలి, బాణం కిందికి జారకుండా రెండో పూస కూడా కావాలి. ఇంకోటి, దేనికైనా తగిలిన ప్రతి కార్బన్ బాణాన్నీ రెండు కొసలూ పట్టి వంచి, చిటపటమన్న చప్పుడు వస్తుందేమో వినండి. చీలిక ఉన్న బాణం వదిలేటప్పుడు విరిగి చేతిలోకి దిగుతుంది.

విల్లుతో వచ్చే అతికించే ప్లాస్టిక్ రెస్ట్ (బాణం ఆనే కొక్కెం) ఎండకి జిగురు వదిలేస్తుంది. దాన్ని తీసేసి రైజర్‌లో బాణం కోసం కోసిన అరమీదే మెత్తని వెల్‌క్రోగానీ తోలుగానీ అతికించి, అక్కడినుంచే బాణం వేయడం నాకు నచ్చిన పద్ధతి. అప్పుడు బాణానికి అసలైన ఈకలే ఉండాలి. ప్లాస్టిక్ వేన్‌లు అరకి తగిలి బాణాన్ని పక్కకి తన్నేస్తాయి. ఈకలు వానకి తడిస్తే అణిగిపోతాయి, అదొక్కటే ఇబ్బంది.

వేటకి వద్దాం. 45 అని రాసిన లింబ్, 27 అంగుళాల లాగుడు, 450 గ్రెయిన్ల (బాణాల బరువుకి వాడే చిన్న కొలత) బాణం కలిస్తే వేగం సెకనుకి 155 అడుగుల దగ్గర ఉంటుంది. ఈ వేగంతో 20 గజాలు వెళ్ళేలోపు బాణం సుమారు 29 అంగుళాలు కిందికి దిగుతుంది, 25 గజాలకి 45. లెక్క కడితే, 20 గజాలనుకుని 25లో ఉన్న జింక మీద వేసిన బాణం 9 అంగుళాలు కిందికి పోతుంది. వైట్‌టెయిల్ జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు వెడల్పు 8 అంగుళాలే. 5 గజాల అంచనా తప్పుకి జింక కాలో పొట్టో గాయపడుతుంది. అందుకే ఈ విల్లుతో నా హద్దు 18 గజాలు. మీ హద్దు తేల్చుకోవడానికి 8 అంగుళాల పేపర్ ప్లేటు చాలు: రోజులో వేసే మొట్టమొదటి బాణం, ఒళ్ళు వేడెక్కకముందు, ఏ దూరం నుంచి వేసినా ప్లేటు తప్పకపోతే అదే మీ దూరం. సాయంత్రం ఇరవయ్యో బాణానికి కుదిరిన గుంపు ఈ లెక్కలోకి రాదు.

మొన విషయంలో సందేహమే లేదు. రెండు అంచుల ఫిక్స్‌డ్ బ్రాడ్‌హెడ్ (కదలని అంచులున్న వేట మొన), ముంజేతి వెంట్రుకలు గొరిగేంత పదునుగా. తగలగానే రెక్కలు విప్పుకునే మెకానికల్ మొనలు ఆ విప్పుకోవడానికే శక్తి తింటాయి, పై లెక్క ప్రకారం ఈ విల్లిచ్చేది 26 అడుగు-పౌండ్లకి లోపే. బాణం బరువు విల్లు పౌండుకి 10 గ్రెయిన్ల చొప్పున ఉంచితే లోతుగా దిగుతుంది, విల్లు కూడా నెమ్మదిగా పలుకుతుంది. చప్పుడు తగ్గడానికి నారికి పైన ఒకటి, కింద ఒకటి ఉన్ని కుచ్చులు కట్టండి, లింబ్ వంపులో నారి ఆనే చోట వెల్‌క్రో మెత్తటి వైపు అతికించండి. నారి చప్పుడుకి జింక ఉలిక్కిపడి కుంగితే బాణం వీపు మీదుగా పోతుంది.

పక్కకి తిరిగి నిలబడినప్పుడో, కొంచెం అవతలికి తిరిగినప్పుడో మాత్రమే బాణం వేయాలి. తగిలాక నురగతో ఉన్న లేత ఎరుపు నెత్తురు కనబడితే ఊపిరితిత్తులు: అరగంట ఆగి వెతకండి. ముదురు ఎరుపైతే కాలేయం, మూడు నాలుగు గంటలు. బాణం మీద పచ్చటి మరక, దుర్వాసన ఉంటే పొట్ట: ఎనిమిది గంటలైనా ఆగాలి, తొందరపడి వెంటపడితే జింక మైళ్ళకి మైళ్ళు పోతుంది. ట్రీస్టాండ్ (చెట్టుకి కట్టే మంచె) ఎక్కేవాళ్ళు నేల వదిలినప్పటి నుంచీ ఒంటికి హార్నెస్ (పడకుండా కాపాడే పట్టీలు) ఉంచుకోవాలి. పైనుంచి కిందికి వేసేటప్పుడు చెయ్యి దించకూడదు, నడుం దగ్గర వంగాలి. చెయ్యి దించితే లాగుడు తగ్గిపోతుంది.

లైసెన్సు గురించి ఒక మాట. హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళకి తుపాకుల విషయంలో అమెరికా సమాఖ్య చట్టం ఆంక్షలు పెట్టింది, విల్లు ఆ నిర్వచనంలోకి రాదు. వేట లైసెన్సు మాత్రం కావాలి. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి, విల్లుకే కేటాయించిన సీజన్‌కి ఆర్చరీ ఎండార్స్‌మెంట్ అనే అదనపు అనుమతి విడిగా తీసుకోవాలి.

విల్లులో నాకు నచ్చనివి ఉన్నాయి. పట్టు లావు, చిన్న చేతులవాళ్ళు బొటనవేలితో బిగించి పట్టుకోవాల్సి వస్తుంది, దాంతో బాణం ఎడమకి పోతుంది. గరుకు కాగితంతో కొద్దిగా అరగదీసి నూనె పట్టిస్తే కుదురుతుంది. లింబ్ బోల్టులు కొన్ని బాణాల తర్వాత వదులవుతాయి, ప్రతిసారీ చూసుకోవాలి. వేళ్ళతో బిగిస్తే చాలు, పట్టకారుతో బిగిస్తే చెక్కలో ఇత్తడి బుష్ కదిలిపోతుంది. ఎండలో కారు డిక్కీలో వదిలేస్తే లింబ్ పొరలు విడిపోతాయి. బాణం లేకుండా నారి లాగి వదిలినా లింబ్‌లకి అదే గతి. ఈ రెండూ జరగకుండా చూసుకుంటే లింబ్‌లు మొండివి: ఏళ్ల వాడకం తర్వాత తూచినా నా 35ల జత ఒక పౌండు కూడా తగ్గలేదు.

మన దేశంలో ఉన్నవాళ్ళకి ఇది గురి సాధనకే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటని నిషేధించింది. విలువిద్య క్రీడాకారులు జ్యోతి సురేఖ, బొమ్మదేవర ధీరజ్‌లని చూసి పిల్లల్ని పోటీలకి పంపాలనుకునే విజయవాడ, హైదరాబాద్ తల్లిదండ్రులు దీన్ని కొనొద్దు. సురేఖది కప్పీలుండే కాంపౌండ్ విల్లు, ధీరజ్‌ది 70 మీటర్ల ఒలింపిక్ రికర్వ్. అకాడమీలో చేరితే కోచ్ చెప్పే ఇండియన్ రౌండ్ (మన దేశంలో జరిగే పోటీ విభాగం) వెదురు విల్లుతోనో, 25 అంగుళాల లోహపు రైజర్‌తోనో మొదలుపెట్టాలి. పెరట్లో, ఫీల్డ్ ఆర్చరీలో (ఆరుబయట తిరుగుతూ రకరకాల దూరాలకి వేసే ఆట) సైట్ లేకుండా వేయాలనుకునే పెద్దవాళ్ళకి మాత్రం ఈ డబ్బులో ఇంతకన్నా మంచిది నాకు తెలీదు. 30ల లింబ్‌లు, స్ట్రింగర్, వేళ్ళు కోసుకోకుండా తోలు ట్యాబ్, ముంజేతి కవచం, అరడజను బాణాలు ఒకేసారి కొనుక్కోండి. 45లు తర్వాత, వాడినవి సగం ధరకే దొరుకుతాయి.