ఫోర్ స్ట్రింగ్ యమహా బేస్: పదేళ్లు దాటిన వాడకం తర్వాత

విజయవాడలో గానీ గుంటూరులో గానీ ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలూ ఆదివారాలూ స్టేజి ఎక్కేవాళ్లకు ఏ బేస్ గిటార్ మంచిదని ఎవరడిగినా నేను యమహా టీఆర్‌బీఎక్స్ 174 పేరే చెబుతాను. నాలుగు స్ట్రింగ్స్, బ్యాటరీ అక్కర్లేని పాసివ్ వైరింగ్, మధ్యలో పీ (ప్రెసిషన్) పికప్, బ్రిడ్జి దగ్గర జే (జాజ్) పికప్, రెండు వాల్యూమ్‌లు, ఒక టోన్. పికప్ అంటే స్ట్రింగ్ కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే అయస్కాంతం, తీగ చుట్ట; బ్రిడ్జి అంటే బాడీ మీద స్ట్రింగ్స్ ఆనే లోహపు దిమ్మ. అంతే. నా దగ్గరికి వచ్చి పదేళ్లు దాటింది. ఈలోగా ఇంకొన్ని బేస్‌లు కొన్నాను, కొన్ని అమ్మేశాను, కొన్ని ఇంట్లో గోడకి ఉన్నాయి. పెళ్లి రిసెప్షన్లు, వినాయక చవితి పందిళ్లు, దసరా కార్యక్రమాలు, డిసెంబరు నెలంతా చర్చి ప్రోగ్రాములు, దేనికి వెళ్లినా బ్యాగులో పెట్టుకునేది మాత్రం ఇదే. దీనికి కారణాలు గిటార్‌లో ఎన్ని ఉన్నాయో మన స్టేజీల్లోనూ అన్నే ఉన్నాయి.

మన దగ్గర బేస్‌కి మొదటి పరీక్ష పెట్టేది కరెంటు. పందిట్లో జనరేటర్ లైన్, ఎర్త్ ఉందో లేదో తెలియని బోర్డు, పక్కనే సీరియల్ సెట్లు, రంగుల ఎల్ఈడీ లైట్లు, వాటి డిమ్మర్లు. సింగిల్ కాయిల్, అంటే ఒకే తీగ చుట్ట పికప్ ఉన్న బేస్‌కి కేబుల్ తగిలించగానే 'జూ' అని రొద మొదలవుతుంది. పాట నడుస్తున్నప్పుడు తెలియదు గానీ, యాంకర్ మాట్లాడేటప్పుడూ పాస్టర్ గారు ప్రార్థన చేసేటప్పుడూ హాలంతా అదే వినిపిస్తుంది. అమెరికా గిటార్ తయారీదారు లియో ఫెండర్ 1951లో తెచ్చిన మొదటి ప్రెసిషన్ బేస్‌లో కూడా ఉన్నది సింగిల్ కాయిలే. 1957లో దాన్ని రెండు ముక్కలు చేసి, రెండేసి స్ట్రింగ్స్‌కి ఒక ముక్క చొప్పున, తీగ చుట్టిన దిశా అయస్కాంత ధ్రువాలూ ఒకదానికొకటి వ్యతిరేకంగా పెట్టారు. బయటి నుంచి వచ్చే రొద రెండు ముక్కల్లోనూ ఎదురెదురుగా పుట్టి కొట్టేసుకుపోతుంది, స్ట్రింగ్ శబ్దం మాత్రం మిగులుతుంది. ఈ రోజు పీ పికప్ అని ఏ కంపెనీ అమ్మినా లోపల ఉన్నది ఆ ఏర్పాటే.

1960లో వచ్చిన జాజ్ బేస్ దారి వేరు. దానికి రెండు విడి సింగిల్ కాయిల్స్. రెండు వాల్యూమ్‌లూ పూర్తిగా తెరిస్తే రొద ఉండదు, ఒకటి తగ్గించగానే తిరిగొస్తుంది. నాకు జాజ్ తరహా బేస్ అంటే చాలా ఇష్టం. నట్ దగ్గర, అంటే నెక్ పై చివర స్ట్రింగ్స్ ఆనే చోట, నెక్ వెడల్పు 38 మిల్లీమీటర్లే కాబట్టి చెయ్యి హాయిగా తిరుగుతుంది. బ్రిడ్జి పికప్ ఒక్కటే తెరిచి వాయిస్తే వచ్చే ఆ ముక్కుతో పలికినట్టుండే టోన్ ఇంకే గిటార్‌లోనూ రాదు. అయినా నా జాజ్ బేస్ ఇల్లు దాటదు. ఇంట్లో రికార్డింగ్‌కి, సాధనకి దాన్ని మించింది లేదు. పందిట్లో మాత్రం యమహాలో జే వాల్యూమ్ పూర్తిగా మూసి, పీ ఒక్కటే తెరిచి నిశ్చింతగా నిలబడతాను.

రొద కన్నా పెద్ద విషయం షాక్. బేస్ స్ట్రింగ్స్ బ్రిడ్జి మీదుగా కేబుల్ ఎర్త్‌కి కలిసి ఉంటాయి. ఆంప్ ఒక లైన్ మీద, మిక్సర్ ఇంకో లైన్ మీద ఉండి, వాటిలో ఒకదానికి ఎర్త్ సరిగ్గా లేకపోతే, స్ట్రింగ్స్ పట్టుకుని మైక్‌కి పెదవి ఆనించినవాళ్లకు కరెంటు కొడుతుంది. కోరస్ కూడా పాడే బేసిస్టులు టెస్టర్ ఒకటి బ్యాగులో పెట్టుకోండి. సౌండ్ చెక్‌కి ముందే మైక్ జాలీకి, స్ట్రింగ్స్‌కి ఆనించి చూడండి. వెలిగిందంటే, 'బాబాయ్, ఆంప్‌కీ మిక్సర్‌కీ ఒకే బోర్డు నుంచి కరెంటు ఇవ్వండి' అని సౌండ్ ఆయన్ని అడగండి. అది సరి చేసేదాకా వాయించవద్దు. ఇందులో మొహమాటం అస్సలు వద్దు.

ఇక అసలు సంగతి, వినపడటం. మన ఆర్కెస్ట్రాల్లో చాలావరకు బేసిస్టు లేకుండానే నడుస్తాయి. కీబోర్డు ఆయన ఎడమ చేత్తో బేస్ వేసేస్తాడు, లేదంటే ట్రాక్‌లోనే బేస్ ఉంటుంది. దానికి తోడు ఆక్టోప్యాడ్ (ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్) కిక్, తబలా డగ్గా, ఢోలక్ ఎడమ వైపు. అందరూ ఉండేది కింది ఫ్రీక్వెన్సీల్లోనే. అక్కడికి బేస్ గిటార్ కూడా వెళ్లి చేరితే ఎవరికీ ఏదీ విడిగా వినపడదు. బేస్ పెంచుకుంటూ పోతే హాలు గుమ్మని మోగుతుంది తప్ప స్వరం తెలియదు. కళ్యాణ మండపాల్లో గోడలకి టైల్స్, పైన రేకు, ఆ గుమ్మనే మోత ఇంకా ఎక్కువ.

ఇలాంటిచోట పీ పికప్ గొప్పతనం తెలుస్తుంది. దాని బలం అట్టడుగున కాదు, కాస్త పైన, మిడ్‌లో, అంటే మధ్య ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. మిక్సర్ మీద 250 హెర్ట్జ్ దగ్గర కొంచెం తగ్గించి, 700 నుంచి 800 మధ్య కొంచెం పెంచమని అడుగుతాను. డగ్గా పక్కనే వాయించినా ఏ స్వరం మీద ఉన్నానో వెనక వరస కుర్చీల వాళ్లకి తెలుస్తుంది. గిటార్ మీద టోన్ నాబ్ సగానికి కొంచెం పైన పెట్టి వదిలేస్తాను. ఇంట్లో ఒంటరిగా వింటే ఈ టోన్ కాస్త మోటుగా ఉంటుంది. షాపులో వాయించి చూసినవాళ్లు దీన్ని పక్కనపెట్టి, అడుగు బాగా మోగే, బ్యాటరీతో నడిచే యాక్టివ్ బేస్ పట్టుకుపోయేది అందుకే. షాపులో పక్కన ఆక్టోప్యాడ్ ఉండదు కదా.

కీబోర్డు ఆయనతో ముందే మాట్లాడుకోవాలి. 'తమ్ముడూ, నేనున్న పాటల్లో ఎడమ చెయ్యి ఒక ఆక్టేవ్ పైన వెయ్యవా' అంటే చాలామంది సంతోషంగా సరేనంటారు, వాళ్లకీ చెయ్యి ఖాళీ అవుతుంది. ఇళయరాజా గారి పాటలు రిసెప్షన్‌లో తప్పకుండా అడుగుతారు. వాటిల్లో చాలావాటికి శశిధరన్ గారు వాయించిన బేస్ లైన్లు గాయకుడి పక్కన ఇంకో పాటలాగే నడుస్తాయి. ఎడమ చేతి బేస్ కింద అవి పూర్తిగా మునిగిపోతాయి. ఆ లైన్లు స్పష్టంగా వినపడినప్పుడు పెద్దవాళ్లు భోజనం ప్లేట్లు పట్టుకుని స్టేజి వైపు తిరగడం చూస్తాను. బేస్ వాయించే సుఖమంతా నాకు అక్కడే ఉంది.

డీఐ బాక్స్ గురించి ఒక మాట. గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చి పంపే చిన్న పెట్టె అది. పాసివ్ బేస్‌ని మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో నేరుగా గుచ్చితే పైన ఉండే స్పష్టత చచ్చిపోతుంది. ఆ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ పదివేల ఓమ్‌ల దరిదాపుల్లో ఉంటుంది, పాసివ్ పికప్‌కి పది లక్షల ఓమ్‌లు ఉంటే మంచిది. సౌండ్ వాళ్ల దగ్గర డీఐ ఉంటుందని నమ్ముకోకుండా సొంతంగా ఒక యాక్టివ్ డీఐ కొనుక్కోండి. రెండో గిటార్ కన్నా ముందు కొనాల్సింది అదే.

నాలుగు స్ట్రింగ్స్‌కి ఉన్న ఇబ్బంది శ్రుతి దగ్గర వస్తుంది. పాడేవాళ్లు స్టేజి మీదే 'అన్నా, అర శ్రుతి దించుదామా' అంటారు. కీబోర్డుకి ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది, మనకి లేదు. అందుకే ఓపెన్ స్ట్రింగ్స్ (వేలు నొక్కకుండా మోగించేవి) మీద ఆధారపడకుండా, ఏ పాటైనా మూసిన పొజిషన్లలో నేర్చుకోవాలి. అప్పుడు ఒకటిన్నర నుంచి రెండుకి మారినా చెయ్యి ఒక ఫ్రెట్ జరిగితే చాలు. కానీ శ్రుతి రెండు, రెండున్నర అయితే, అంటే డి, ఈ ఫ్లాట్ అయితే, కింది ఆధార స్వరం మన అన్నిటికన్నా కింది స్ట్రింగ్ 'ఈ' (E) కన్నా కింద ఉంటుంది. నాలుగు స్ట్రింగ్స్ మీద దాన్ని ఒక ఆక్టేవ్ పైన, 'ఏ' (A) స్ట్రింగ్ ఐదో ఆరో ఫ్రెట్‌లో పట్టుకోవాలి. ఆరాధన పాటల్లో నెమ్మదిగా సాగే చోట్ల ఆ తేడా తెలుస్తుంది, కింది డి లేకపోతే పాటకి నిండుదనం రాదు.

దానికోసమే ఫైవ్ స్ట్రింగ్ యాక్టివ్ బేస్ ఒకటి తీసుకున్నాను. బి స్ట్రింగ్ మూడో ఫ్రెట్ డి, నాలుగో ఫ్రెట్ ఈ ఫ్లాట్. మంచి సబ్ ఊఫర్లు పెట్టిన ప్రోగ్రాముల్లో అది అద్భుతంగా ఉంటుంది. కానీ ఓపెన్ బి అంటే 31 హెర్ట్జ్. నాలుగు స్ట్రింగ్స్ బేస్‌లో 'ఈ' (E) స్ట్రింగే 41. పందిట్లో స్టాండ్ల మీద పెట్టే మామూలు బాక్సులు ఆ లోతుకి దిగవు, చెవికి అందేది ఆ స్వరంతో పాటు పుట్టే పై హార్మోనిక్స్ (పై ఫ్రీక్వెన్సీలు) మాత్రమే. పైగా నైన్ వోల్ట్ బ్యాటరీ ఉంది. కేబుల్ గుచ్చి ఉంచినంత సేపూ అది ఖర్చవుతూనే ఉంటుంది. అయిపోవచ్చినప్పుడు శబ్దం ముందు చిట్లుతుంది, తర్వాత ఆగిపోతుంది. ఏ యాక్టివ్ బేస్ కొన్నా విరామంలో కేబుల్ పీకడం, డిసెంబరు మొదట్లో బ్యాటరీ మార్చడం అలవాటు చేసుకోవాలి. నేను ఫైవ్ స్ట్రింగ్‌ని చర్చికి, సబ్‌లు ఉన్న పెద్ద హాళ్లకి తీసుకెళతాను. మిగతా అన్నిచోట్లకీ యమహానే.

బెజవాడ ఎండ గురించి రాయకపోతే ఈ సమీక్ష సగమే. రోహిణి కార్తెలో మధ్యాహ్నం కారులో గిటార్ వదిలి భోజనానికి వెళ్లడం అంటే దాన్ని చేతులారా పాడుచేసుకోవడమే. ఎండకన్నా నెక్‌ని కదిలించేది గాలిలో తేమ. వర్షాలు మొదలయ్యాక చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, ఏసీ హాలులో మళ్లీ ఆరుతుంది. యాక్షన్, అంటే ఫ్రెట్ల మీద స్ట్రింగ్స్ ఎత్తు, తనంతట తాను లేస్తుంది, లేదా స్ట్రింగ్ ఫ్రెట్లకి తగిలి గరగరమంటుంది. నేను చూసే పద్ధతి ఇది: మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, బాడీతో నెక్ కలిసే చోట ఇంకో చేత్తో స్ట్రింగ్ నొక్కిపట్టి, ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర సందు చూడాలి. విజిటింగ్ కార్డు మందం, అంటే దాదాపు 0.3 మిల్లీమీటర్లు ఉంటే సరి. ఎక్కువుంటే నెక్ లోపలి ఇనప కడ్డీ ట్రస్ రాడ్‌ని బిగించాలి, సందు తక్కువుంటే వదులు చెయ్యాలి. ఒకసారికి పావు చుట్టు కన్నా ఎక్కువ తిప్పకూడదు, తిప్పాక ఒక రాత్రి వదిలేసి మళ్లీ చూడాలి. రాడ్ గట్టిగా ఉండి తిరగకపోతే బలవంతం చెయ్యకుండా తెలిసినవాళ్లకి చూపించండి. ఆ తర్వాతే బ్రిడ్జి ఎత్తు, చివరికి పన్నెండో ఫ్రెట్ దగ్గర ఇంటొనేషన్, అంటే పై ఫ్రెట్లలోనూ స్వరం సరిగ్గా పలుకుతోందో లేదో. ఈ వరస మార్చకూడదు. యమహా నెక్ విషయంలో నేను పూర్తిగా తృప్తిపడ్డాను. వానాకాలం మొదట్లో ఒకసారి, చలి మొదలయ్యాక ఒకసారి సరి చూసుకుంటే ఏడాదంతా నిలబడుతుంది.

స్ట్రింగ్స్ మన చెమటకి త్వరగా నల్లబడతాయి. మంచి బేస్ సెట్ రెండు వేల పైచిలుకు, మాటిమాటికీ మార్చలేం. వాయించిన ప్రతిసారీ పొడి నూలుబట్టతో కింద నుంచి కూడా తుడవాలి. మామూలు రౌండ్‌వౌండ్ (గుండ్రటి తీగ చుట్టిన) స్ట్రింగ్స్ మొద్దుబారితే విప్పి, నీళ్లలో పదినిమిషాలు మరిగించి, పూర్తిగా ఆరబెట్టి వేస్తే కొన్ని ప్రోగ్రాములకి మెరుపు తిరిగొస్తుంది. మా ఇంట్లో దానికి వేరే గిన్నె ఉంది, వంట గిన్నె వాడనివ్వరు, అది న్యాయం కూడా. ఇప్పుడు నా యమహా మీద ఉన్నవి ఫ్లాట్‌వౌండ్స్, అంటే చదునైన తీగ చుట్టినవి. పైన నున్నగా ఉంటాయి, వేళ్ల జారుడు చప్పుడు స్పీకర్లలోకి రాదు, ఏళ్లు మన్నుతాయి. అమెరికా రికార్డు కంపెనీ మోటౌన్ బేసిస్ట్ జేమ్స్ జేమర్సన్ తన 1962 ప్రెసిషన్ మీద అలాంటివే వేసి, తెగితే తప్ప మార్చేవాడు కాదంటారు. మా పాత పాటలకి ఫ్లాట్‌వౌండ్స్ చక్కగా కుదిరాయి. స్లాప్ (బొటనవేలితో స్ట్రింగ్‌ని కొట్టడం) వాయించేవాళ్లకు మాత్రం ఇవి పనికిరావు.

స్కూటర్ మీద మోసుకెళ్లేవాళ్లు బ్యాగు మీద పిసినారితనం చూపించకండి. 34 అంగుళాల స్కేల్ (నట్ నుంచి బ్రిడ్జి దాకా స్ట్రింగ్ పొడవు) బేస్ వీపున తగిలించుకుంటే హెడ్‌స్టాక్ హెల్మెట్ పైకి లేస్తుంది, ప్రకాశం బ్యారేజీ మీద గాలికి మనిషిని పక్కకి లాగుతుంది. మందమైన ప్యాడింగ్, నడుముకి కూడా బెల్టు ఉన్న బ్యాగు కొనండి. భుజం మీద స్ట్రాప్ కనీసం మూడు అంగుళాల వెడల్పు ఉంటే మూడు గంటల రిసెప్షన్ తర్వాత కూడా మెడ నొప్పి ఉండదు.

పిల్లలకి నేర్పాలనుకుంటే 34 అంగుళాలు ఎక్కువ. మా అమ్మాయికి 28.6 అంగుళాల స్కేల్ ఉన్న ఐబానెజ్ మైక్రో ఇప్పించాను. మొదటి ఫ్రెట్ దాకా చెయ్యి అందుతోంది కాబట్టి సాధన మానకుండా చేస్తోంది. ఈ మధ్య ఆదివారం స్కూలు పాటలకి తనే వాయిస్తోంది.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లకి: హైదరాబాదు, చెన్నైల నుంచి మంచి గిటార్లు దొరుకుతాయి, కానీ ఫోటో చూసి డబ్బు పంపకండి. చేతిలోకి తీసుకుని నెక్ వెంబడి కన్ను పెట్టి మెలి ఉందేమో చూడండి. ట్రస్ రాడ్ రెండు వైపులా తిరుగుతోందా, ప్రతి ఫ్రెట్‌లో ప్రతి స్ట్రింగూ మోగుతోందా, నాబ్ తిప్పితే చిటపట వస్తోందా, జాక్ కదిపితే శబ్దం ఆగుతోందా గమనించండి. చిటపట, జాక్ చిన్న ఖర్చుతో పోతాయి, వాటిని చూపించి ధర తగ్గించమని అడగొచ్చు. నెక్ మెలి తిరిగి ఉంటే సగం ధరకి ఇస్తామన్నా వద్దని లేచి వచ్చేయండి.