పేరోల్ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లకు మీ జూలై జీతాల షీటు ఇచ్చి లెక్క వేయించండి

ఇరవై, ముప్పై, యాభై మంది పనివాళ్లతో చిన్న యూనిట్లు నడిపేవాళ్లకీ, అక్కడ జీతాల లెక్కలు చూసే నాలాంటివాళ్లకీ ఈ హెచ్చరిక. మనిషికి నెలకి ఇంతే, పీఎఫ్, ఈఎస్ఐ (పనివాళ్ల ఆరోగ్య బీమా), వృత్తి పన్ను, టీడీఎస్ (జీతంలోంచి ముందే కోసే ఆదాయపు పన్ను) అన్నీ దానంతట అదే చూసుకుంటుంది అంటూ పేరోల్ సాఫ్ట్‌వేర్లు అమ్మే కుర్రాళ్లు ఇప్పుడు ఆటోనగర్‌లో ప్రతి గేటూ తడుతున్నారు. సాఫ్ట్‌వేర్ కొనొద్దని నేననను. డెమో ఒక్కటి చూసి కొనొద్దు. ఓటీ (ఓవర్‌టైమ్) బాగా పడిన ఏదో ఒక నెల మీ సొంత జీతాల షీటు వాళ్ల చేతిలో పెట్టండి. ఆ లెక్క మీ ఎదురుగా పైసాతో సహా సరిపోయాకే చెక్కు రాయండి.

మాది విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే యూనిట్. హైదరాబాద్‌లో చిన్న బ్రాంచి, బెంగళూరులో ఒక సేల్స్ మనిషి, అంతా కలిపి 34 మంది. 2024 ఏప్రిల్ నుంచి ఏడాది పాటు ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ వాడాం. లెక్క తప్పాక వాళ్లతో వ్యవహారం ఇంకా తెగలేదు కాబట్టి పేరు రాయడం లేదు. ఇది ఒక్క కంపెనీ తంతు కూడా కాదని పక్క యూనిట్ల వాళ్లతో మాట్లాడాక అర్థమైంది.

డెమోలో వాళ్లు చూపించిన ఉద్యోగులంతా నెల జీతం మనుషులు. ఒక్క రోజు నాగా పెట్టరు, ఓటీ చెయ్యరు, సంక్రాంతికి అడ్వాన్సు అడగరు, నెల మధ్యలో మానెయ్యరు. అలాంటి పనివాడు ఆటోనగర్‌లో ఎవరికైనా దొరికితే నాకూ చెప్పండి.

అసలు దెబ్బ ఈఎస్ఐలో తగిలింది. కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ తప్పు చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంది. ఈఎస్ఐ జీతం పరిమితి 21,000 అని అందరికీ తెలుసు. ఆ 21,000 దాటాడా లేదా అని చూసేటప్పుడు ఓటీ డబ్బు కలపకూడదు. చందా కట్టేటప్పుడు మాత్రం, 2024లో ఉన్న నియమం ప్రకారం, ఓటీతో కలిపి కట్టాలి. ఇంకో నియమం కూడా ఉంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ వరకు ఒక చందా కాలం, అక్టోబర్ నుంచి మార్చి వరకు ఇంకొకటి. కాలం మొదట్లో పరిధిలో ఉన్న మనిషికి మధ్యలో నిజంగానే జీతం పెరిగి 21,000 దాటినా, ఆ ఆరు నెలలూ పూర్తయ్యే దాకా చందా ఆపకూడదు.

మా వెల్డర్ ఒకాయన జీతం 18,500. జూలైలో ఆర్డర్లు ఒత్తిడిగా ఉండి ఓటీతో 22,000 అయింది. సాఫ్ట్‌వేర్ ఆయన్ని ఈఎస్ఐలోంచి లేపేసింది. పంపిన ఫైల్లో ఆయన పేరు ఎదురుగా సున్నా రోజులు, కారణం దగ్గర సెలవు. నెలంతా ఓటీ చేసిన మనిషికి సెలవు! ఆయన వాటా 0.75 శాతం చొప్పున 165 రూపాయలు, మా వాటా 3.25 శాతం చొప్పున 715 పడాలి. రెండూ పడలేదు. నా పాత ఎక్సెల్ షీటు నేను పక్కన నడుపుతూనే ఉన్నాను, రెండు పనులెందుకమ్మా అని మా ఓనర్ గారు నవ్వినా సరే. చేతికిచ్చే జీతంలో 165 తేడా కనిపించగానే మెయిల్ పెట్టాను. జవాబు ఫోన్లో వచ్చింది. "మేడం, 21 వేలు దాటితే ఈఎస్ఐ ఉండదు కదండీ, సిస్టమ్ కరెక్ట్‌గానే తీసేసింది. మా కంప్లయన్స్ టీమ్ చెక్ చేసింది మేడం." నియమం మళ్లీ రాసి పంపాను. టికెట్ నంబరు ఇచ్చారు. ఆగస్టు, సెప్టెంబర్ కూడా అలాగే పోయాయి.

ఈ తప్పు వెంటనే బయటపడదు, అదే దీనిలో ప్రమాదం. ఏప్రిల్-సెప్టెంబర్ చందాకి లాభం వచ్చేది తర్వాతి జనవరి-జూన్‌లో. జబ్బు చేసి ఇంట్లో ఉంటే ఈఎస్ఐ ఇచ్చే 70 శాతం వేతనం కావాలంటే ఆ చందా కాలంలో కనీసం 78 రోజులకి చందా పడి ఉండాలి. ఏప్రిల్, మే, జూన్ మూడు నెలలూ నెలకి 26 రోజుల చొప్పున నిండుగా చేస్తే సరిగ్గా 78. మా వెల్డర్ మేలో కూతురి పెళ్లికి సెలవు పెట్టాడు, అందుకని 78 నిండలేదు. జనవరిలో పచ్చకామెర్లు వచ్చి మంచం పట్టాడు. "మేడం గారూ, నా పేరు మీద రోజులు చాలలేదంటున్నారండి, నేను పని చేశాను కదండీ" అని ఆయన ఫోన్ చేస్తే ఏం చెప్పాలి? చివరికి ఆ డబ్బు మా ఓనర్ గారే ఇచ్చారు. ఆగిన చందాలు 12 శాతం వడ్డీతో మేమే కట్టాం. పనివాడి వాటా కూడా మా నెత్తినే పడింది, ఎందుకంటే ఏ కాలానికి కోయాలో ఆ కాలం జీతంలోంచే కోయాలి, తర్వాతి జీతాల్లోంచి పాత ఈఎస్ఐ పట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు.

రెండోది పీఎఫ్. "నెల నెలా 12వ తేదీకల్లా మా ఖాతాకి పంపేయండి, చలానాలన్నీ మేమే కట్టేస్తాం" అన్నారు. ఈ మాట ఎవరన్నా సరే, దండం పెట్టి వద్దనండి. మేం 11నే పంపిన ఒక నెల వాళ్లు చలానా 17న కట్టారు. గడువు 15. రెండు రోజులకి ఈపీఎఫ్‌వో (పీఎఫ్ సంస్థ) వడ్డీ ఏమంత లేదు. ఇన్‌కమ్ ట్యాక్స్‌లో మాత్రం గట్టిగానే తగిలింది. పనివాళ్ల జీతంలోంచి కోసిన వాటా గడువులోగా కట్టకపోతే ఆ సొమ్ము ఖర్చు కింద ఒప్పుకోనక్కర్లేదని 2022 అక్టోబర్ 12న సుప్రీంకోర్టు చెక్‌మేట్ సర్వీసెస్ కేసులో తేల్చేసింది. రిటర్న్ వేసేలోగా కట్టాం కదా అంటే కుదరదంది. ఆ తీర్పు పట్టుకుని మా ఆడిటర్ గారు ఆ నెల పనివాళ్ల వాటా సుమారు 50,000 మా 2024-25 లాభంలో కలిపేశారు. మాది భాగస్వామ్య సంస్థ, 30 శాతం పన్ను, పైన సెస్సు, వెరసి 15,600. వాళ్ల గుమాస్తా రెండు రోజులు ఆలస్యం చేసినందుకు. డబ్బు పంపిన బ్యాంకు రసీదు చూపిస్తే ఆడిటర్ గారు ఒకే మాట అన్నారు: చట్టానికి యజమాని తెలుసుగానీ సాఫ్ట్‌వేర్ తెలియదమ్మా.

ఇక చిల్లర తప్పులకి లెక్కలేదు. రాత్రి పదికి వేలిముద్ర వేసి పొద్దున్న ఆరుకి దిగిపోయే షిఫ్టు మనిషికి రెండు రోజులూ సగం సగం హాజరు పడేది. 58 నిండిన వాచ్‌మన్‌కి పెన్షన్ వాటా వేస్తూనే ఉంది, ఆ వయసు దాటాక యజమాని వాటా మొత్తం పీఎఫ్‌లోకే వెళ్లాలి. వృత్తి పన్ను ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ ఒకటే: 15,000 వరకు లేదు, 20,000 వరకు 150, ఆపైన 200. అందుకని మాకు మొదట్లో తేడా కనపడలేదు. 22,000 జీతం ఉన్న మా బెంగళూరు అబ్బాయికీ 200 కోసింది. కర్ణాటకలో 25,000 లోపు వాళ్లకి ఆ పన్నే లేదు. తమిళనాడులో మనుషులున్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా చూసుకోండి, అక్కడ లెక్క ఆరు నెలలకోసారి.

ధర సంగతి. మనిషికి నెలకి 60 అన్నారు. మా 34 మందికి ఏడాదికి 24,480 అనుకున్నాం. బిల్లు వచ్చేసరికి కనీసం 50 మందికి కట్టాలట, అదీ ఏడాదిది ముందే. 36,000, దాని మీద 18 శాతం జీఎస్టీ, 42,480. తర్వాత మొదటిసారి వివరాలు ఎక్కించడానికి విడిగా, వేలిముద్ర మెషిన్‌కి కలపడానికి విడిగా, ఫారం 16 (ఉద్యోగికి ఇచ్చే టీడీఎస్ సర్టిఫికెట్)కి విడిగా. పండగ అడ్వాన్సు వాయిదాల్లో కోయడం కూడా "లోన్ మాడ్యూల్" అట, దానికో రేటు. అన్నీ కలిపి అరవై వేలు దాటింది. కొటేషన్‌లో ఉన్నవి కాదు, లేనివి చదవండి.

వదిలించుకోవడం ఇంకో బాధ. మార్చి 31తో ప్లాను అయిపోతుంది, మాకొద్దు అని ఫిబ్రవరిలోనే చెప్పాం. రిన్యూ చేస్తేగానీ ఏడాది డేటా ఎక్సెల్‌లో ఇవ్వమన్నారు. కావాలంటే పే స్లిప్పులు పీడీఎఫ్‌లో ఒక్కొక్కటిగా దించుకోమన్నారు. ఈ సమయం ఊరికే ఎంచుకున్నది కాదు. 2024-25కి 24క్యూ (జీతాల టీడీఎస్ రిటర్న్) నాలుగో త్రైమాసికంలో ప్రతి ఉద్యోగిదీ ఏడాది మొత్తం జీతం వివరం ఇవ్వాల్సి ఉంది, అది మే 31లోగా, ఫారం 16లు జూన్ 15లోగా. ఆలస్యమైతే 24క్యూకి రోజుకి 200 రుసుము. మెడ మీద ఆ గడువు పెట్టుకుని ఎవరైనా మళ్లీ కట్టేస్తారని వాళ్లకి తెలుసు. నా ఎక్సెల్ షీటు ఉంది కాబట్టి మేం కట్టలేదు. మీరు ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నా సరే, ప్రతి నెలా జీతాలు పడ్డ రోజే మొత్తం పట్టీ, పీఎఫ్ ఫైలు, ఈఎస్ఐ ఫైలు, చలానాలు మీ కంప్యూటర్లోకి దించి పెట్టుకోండి. మారాలనుకుంటే ఏప్రిల్ 1నే మారండి. ఏడాది మధ్యలో మారితే టీడీఎస్ లెక్క రెండు ముక్కలై, అతుకు మీరే వేసుకోవాలి.

వినియోగదారుల కమిషన్‌కి వెళ్దామంటే, వ్యాపారం కోసం కొన్న సేవకి ఆ చట్టం కింద మామూలుగా దారి ఉండదని వకీలు గారు చెప్పారు. ఒప్పందం తీసి చూస్తే, ఏ తప్పు జరిగినా ఆ ఏడాది ఫీజుకి మించి బాధ్యత లేదని, గొడవ వస్తే వాళ్ల ఊళ్లో మధ్యవర్తి ముందే తేల్చుకోవాలని ఉంది. చిన్న అక్షరాల్లో, పదకొండో పేజీలో.

ఇప్పుడు కొత్తగా ఇంకో ఎర తిరుగుతోంది: "లేబర్ కోడ్ రెడీ." 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు (కొత్త కార్మిక చట్టాలు) అమల్లోకి వచ్చాయి కదా, పాత సాఫ్ట్‌వేర్‌కి ఈ స్టిక్కర్ అంటించి అమ్ముతున్నారు. పరీక్ష పెట్టడం తేలిక. మొత్తం 20,000 జీతంలో బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 8,000, మిగతా 12,000 ఇంటి అద్దె లాంటి భత్యాలు ఉన్న మనిషిని ఎక్కించమనండి. భత్యాలు మొత్తంలో సగం దాటితే దాటినది వేతనంలో కలుస్తుంది కాబట్టి వేతనం 10,000 చూపించాలి. 8,000 దగ్గరే ఆగిపోతే ఆ స్టిక్కర్ విలువ మీకే తెలుస్తుంది. మానేసిన మనిషికి రెండు పని దినాల్లో లెక్క తేల్చి ఇవ్వాలన్నది కూడా ఆ కోడ్‌లలోదే. నెల మధ్యలో ఒకణ్ణి మాన్పించి, సెలవుల డబ్బు, అడ్వాన్సు బాకీ కలిపి అప్పటికప్పుడు ఫైనల్ సెటిల్‌మెంట్ తీసి చూపించమనండి.

ఈసారి కొత్తది వెతికేటప్పుడు నేను డెమో అడగలేదు. పేర్లు మార్చేసి, ఆధార్, బ్యాంకు నంబర్లు తీసేసి, మా జూలై షీటు పంపాను. అందులో ఓటీతో 21,000 దాటినవాడు, సెప్టెంబర్‌లో ఇంక్రిమెంట్‌తో నిజంగా దాటినవాడు, 58 నిండినవాడు, రాత్రి షిఫ్టువాడు, బెంగళూరువాడు, అడ్వాన్సు కోత ఉన్నవాడు, 15న మానేసినవాడు. జూలైతో పాటు సెప్టెంబర్, అక్టోబర్ కూడా వేసి ఫైళ్లు పంపమన్నాను. సెప్టెంబర్‌లో దాటినవాడి పేరు ఈఎస్ఐ ఫైల్లో సెప్టెంబర్‌కి ఉండాలి, అక్టోబర్‌కి పోవాలి. ఓటీవాడి పేరు రెండింట్లోనూ ఉండాలి. కొందరు ఆ తర్వాత ఫోనే ఎత్తలేదు. ఒకరు "మా సిస్టమ్‌లో అలాంటి కేసులు రావు మేడం" అన్నారు. ఒక చిన్న కంపెనీవాళ్లు మాత్రం వేసి పంపారు, రాత్రి షిఫ్టు తప్పుగానే వచ్చింది. అది వాళ్లే ముందు చెప్పి, సరిచేసి మళ్లీ పంపారు. ఏడాది డేటా ఎప్పుడడిగినా ఎక్సెల్‌లో ఇస్తామని, మానేశాక కూడా ఆరు నెలలు తెరిచి ఉంచుతామని మెయిల్‌లో రాయించుకున్నాకే నెలవారీ ప్లాను తీసుకున్నాం. చలానాలు మా బ్యాంకు నుంచి నేనే కడుతున్నాను, 15 దాకా ఆగకుండా 10నే.