ట్రీ నుంచి ట్రీకి ఎలిమెంట్ తరలింపు: ఎలిమెంట్‌ట్రీ మేలా, ఎల్‌ఎక్స్‌ఎంఎల్ మేలా?

అమ్మకంలో ఉన్న పుస్తకాలకు ఒక ఎక్స్‌ఎంఎల్ (ట్యాగులతో సమాచారాన్ని రాసే పద్ధతి) ఫైలు, ప్రతులు అయిపోయిన వాటికి మరొక ఫైలు ఉన్నాయనుకుందాం. ఒక పుస్తకం ఎలిమెంటును (మొదలు, ముగింపు ట్యాగులతో సహా దాని భాగాన్ని) మొదటి దానిలోంచి తీసి రెండో దానిలో చేర్చాలి. ఫైలును చదివినప్పుడు ఎలిమెంట్లు ఒకదాని కింద ఒకటిగా చెట్టులా అమరుతాయి, దాన్నే ట్రీ అంటారు. ఇందుకు పైథాన్‌లో ఎలిమెంట్‌ట్రీ, ఎల్‌ఎక్స్‌ఎంఎల్ అనే రెండు లైబ్రరీలూ అపెండ్ (చివర చేర్చడం) అనే మెథడ్‌నే ఇస్తాయి గాని, అది చేసే పని రెండింటిలో ఒకటి కాదు.

2.5 వెర్షన్ నుంచి పైథాన్‌తోనే వస్తున్న ఎలిమెంట్‌ట్రీలో ఏ ఎలిమెంటుకూ తన పేరెంట్ (తనను లోపల ఉంచుకున్న పై ఎలిమెంటు) ఏదో తెలియదు. అందువల్ల అపెండ్ చేసిన ఎలిమెంటు కొత్త ట్రీలో చేరుతుందే తప్ప పాత ట్రీ నుంచి తొలగదు. రెండు చోట్లా ఉన్నది ఒకే ఆబ్జెక్టు కనుక ఇక్కడ ధర మారిస్తే అక్కడా మారుతుంది. పాత పేరెంట్ మీద రిమూవ్ కూడా పిలిస్తేనే తరలింపు పూర్తవుతుంది. అయితే పిల్లల మీద ఫర్ లూప్ తిరుగుతుండగానే రిమూవ్ చేస్తే ఒకటి విడిచి ఒకటి పాత చోటే మిగిలిపోతాయి, ఎర్రర్ కూడా రాదు. ముందే ఫైండాల్‌తో జాబితా తీసుకొని దాని మీద తిరగడం క్షేమం.

లిబ్‌ఎక్స్‌ఎంఎల్2 అనే సీ భాషా లైబ్రరీ మీద కట్టిన ఎల్‌ఎక్స్‌ఎంఎల్‌లో ఒక ఎలిమెంటుకు ఒకే పేరెంట్ ఉంటుంది. అపెండ్ చేయగానే అది పాత చోటు నుంచి తనంతట తానే తొలగిపోతుంది. రెండు చోట్లా కావాలనుకుంటే డీప్‌కాపీ (లోపలి పిల్లలతో సహా విడి నకలు) చేసుకోవాలి. నేమ్‌స్పేస్ ప్రిఫిక్స్‌లను (ట్యాగు పేరు ఏ పేర్ల సముదాయానిదో తెలిపేలా దాని ముందు ఉంచే గుర్తులను) కూడా ఇది నిలుపుతుంది. ఎలిమెంట్‌ట్రీలోనైతే ముందుగా రిజిస్టర్ చేయని ప్రిఫిక్స్ రాసేటప్పుడు ఎన్‌ఎస్0గా మారుతుంది.

రెండింటిలోనూ జాగ్రత్త పడవలసింది టెయిల్ విషయంలో. ముగింపు ట్యాగు తర్వాతి పాఠ్యం ఆ ఎలిమెంటుకే టెయిల్‌గా అంటి ఉంటుంది. “ఈ పుస్తకం <ఊరు>తెనాలి</ఊరు>లో అచ్చయింది” అన్న వాక్యంలోంచి ఊరు ఎలిమెంటును తరలిస్తే “లో అచ్చయింది” కూడా దాని వెంటే పోయి, పాత చోట “ఈ పుస్తకం” మాత్రమే మిగులుతుంది. విభక్తి ప్రత్యయాలు పదానికి అతుక్కొని ఉండే మన భాషలో ఇది మరీ ఎబ్బెట్టుగా కనబడుతుంది. కనుక తరలించే ముందే టెయిల్‌ను దానికి ముందున్న తోబుట్టువు (అదే పేరెంట్ కింది ఎలిమెంటు) టెయిల్‌కు గాని, అది లేకపోతే పేరెంట్ టెక్స్ట్‌కు గాని కలిపి, ఎలిమెంటు టెయిల్‌ను None (ఏమీ లేదు) చేయాలి. పైథాన్‌తోనే వచ్చే మరో ఎక్స్‌ఎంఎల్ లైబ్రరీ మినీడామ్‌లో పాఠ్యం వేరే నోడ్‌గా ఉంటుంది కాబట్టి ఈ చిక్కు లేదు, కానీ దానితో రాయవలసిన కోడ్ చాంతాడంత.

తరలింపులు తరచుగా జరిగేచోట, నేమ్‌స్పేస్‌లు ఉన్నచోట ఎల్‌ఎక్స్‌ఎంఎల్ మేలని నా అభిప్రాయం. బయటి ప్యాకేజీ పెట్టుకునే వీలు లేనప్పుడు, పై కేటలాగు వంటి సాదా ఫైళ్లకు ఎలిమెంట్‌ట్రీ చాలు. రెంటినీ కలిపి మాత్రం వాడకూడదు: ఒకదాని ఎలిమెంటును మరోదానిలో అపెండ్ చేస్తే టైప్‌ఎర్రర్ వస్తుంది, టూస్ట్రింగ్‌తో పాఠ్యంగా మార్చి ఫ్రమ్‌స్ట్రింగ్‌తో మళ్లీ చదివించవలసిందే.