కన్నౌజ్‌లో పాత అత్తరు కొనేముందు లేబుల్ చదవండి

మార్చి నెలాఖరులో నేనూ మా పిన్నీ, అత్తర్లకి పేరుపడ్డ ఉత్తరప్రదేశ్ ఊరు కన్నౌజ్ వెళ్లొచ్చాం. అక్కడ ఒక దుకాణంలో నా దగ్గర రూ. 6,500 గుంజుకున్న తీరు నాకింకా మింగుడుపడటం లేదు. పాత అత్తర్లు పోగుచేసే అలవాటున్నవాళ్లు అటు వెళ్లేముందు ఇది చదవాలని రాస్తున్నాను.

నాకీ ఇష్టం తాతయ్య వల్ల వచ్చింది. పెళ్లిళ్లకి వెళ్లేటప్పుడు మాత్రం ఆయన బీరువాలోంచి చిన్న సీసా తీసి, దూదికి ఒక చుక్క అద్ది చెవి మడతలో పెట్టుకునేవారు. చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టిలో కొన్న ఖస్ అత్తరు. ఖస్ అంటే మన వట్టివేరే. ఆయన పోయి ఇరవై ఏళ్లయినా సీసా అడుగున మిగిలిన నాలుగు చుక్కలు ఇప్పటికీ చల్లగా, తడిమట్టిలాగా వాసనొస్తాయి. దానికి జోడీ దొరుకుతుందని నా ఆశ.

లక్నోలో రెండు రోజులు హాయిగా గడిచాయి. అక్కణ్ణుంచి టాక్సీకి రూ. 3,200 ఇచ్చి, ఎక్స్‌ప్రెస్‌వే మీద రెండున్నర గంటల్లో కన్నౌజ్ చేరాం. "ఇంత దూరం వచ్చి కాశీ చూడకుండా ఈ ఊరేమిటే" అని పిన్ని దారంతా ముఖం ముడుచుకునే కూర్చుంది. ఇది హర్షవర్ధనుడి రాజధాని, చిన్నప్పుడు పుస్తకాల్లో చదివిన కన్యాకుబ్జం ఇదేనని చెప్పినా కరగలేదు. లాడ్జి చూశాక కోపం ఇంకా పెరిగింది. ఫోన్లో రూ. 1,400 అన్నవాడు, దిగాక రూ. 1,800 అన్నాడు. బకెట్ వేడినీళ్లకి విడిగా రూ. 40. దుప్పటి మార్చమంటే, ఉన్నదాన్నే తిరగేసి పరిచాడు. ఆడవాళ్లు, పెద్దవాళ్లు వెంట ఉంటే లక్నోలోనో కాన్పూర్‌లోనో బస చేసి, పగలు వచ్చి వెళ్లడమే మేలు.

ఇక ఆ దుకాణం సంగతి. బజారు సందులో, గాజు బీరువాల నిండా నగిషీ సీసాలు. "పాతవి ఉన్నాయా" అని నేను అడగడమే తప్పయింది. యజమాని లోపలికెళ్లి, దుమ్ముపట్టిన సీసా ఒకటి గుడ్డలో చుట్టి తెచ్చాడు. పసుపుపచ్చగా మారిన లేబుల్, దానిమీద 1965 అని అంకె. రూహ్ ఖస్ (ఏమీ కలపని వట్టివేరు నూనె), తులం సీసా. రూ. 9,000 దగ్గర మొదలై రూ. 6,500 దగ్గర ఆగాడు. వాసన చూస్తానంటే, "మూత తీస్తే ఎగిరిపోతుంది మేడమ్, ఇన్నేళ్లుగా సీలు తియ్యలేదు" అన్నాడు. ఇది పచ్చి అబద్ధం. ఎగిరిపోవడానికి అత్తరు స్పిరిట్‌లో కలిపిన సెంటు కాదు, నూనె. మూత తీసి ఒక్క క్షణం చూపిస్తే ఏమీ కాదు. ఆ సంగతి తెలిసుండీ, 1965 అన్న అంకె చూసి కొనేశాను.

రాత్రి లాడ్జిలో ట్యూబ్‌లైట్ కింద లేబుల్ చదివాను. దుకాణం పేరు, సందు పేరు, ఊరు, చివర్లో ఆరంకెల పిన్‌కోడ్! మన దేశంలో పిన్‌కోడ్ వచ్చిందే 1972 ఆగస్టు 15న. 1965 నాటి లేబుల్ మీద అది ఎలా ఉంటుంది? చేతులు వణికాయి. సీలు తీసి కాగితం మీద చుక్క వేస్తే చుట్టూ ఆకుపచ్చ రంగు వలయంలా పాకింది. పిన్ని మంచం మీంచి లేచొచ్చి ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది వట్టివేరేంటే, ఫినాయిల్" అంది. ఎండాకాలం కుండనీళ్లలో వట్టివేరు వేసుకుని పెరిగిన మనిషి, ఆవిడకి ఇంకో పరీక్ష అక్కర్లేదు. పొద్దున్నే తిరిగి వెళ్తే ఆ యజమాని ముఖం తిప్పేసుకున్నాడు. బిల్లు ఇవ్వలేదు కాబట్టి ఏమీ చెయ్యలేకపోయాను. బిల్లు లేకుండా రూపాయి కూడా ఇవ్వకండి.

ఆ రోజే తిరిగి వెళ్లిపోదామనుకున్నాం. కచోరీ బండి దగ్గర (ప్లేటు రూ. 30, వేడివేడిగా, చాలా బాగుంది) ఒక పెద్దాయన మా మాటలు విని, తనకి తెలిసిన, అత్తరు దించే బట్టీకి తీసుకెళ్లాడు. గులాబీల కాలం ఇంకా అయిపోలేదు. బట్టీ వాకిట్లోనే బస్తాల కొద్దీ పూలు. డేగు అనే పెద్ద రాగి బానలో పూలూ నీళ్లూ పోసి, మూత చుట్టూ మట్టితో మెత్తి, కింద కట్టెల మంట పెడతారు. ఆవిరి చోంగా అనే వెదురు గొట్టంలోంచి, నీళ్ల తొట్టిలో ముంచిన భపకా అనే రాగి పాత్రలోకి దిగుతుంది. ఆ భపకాలో ముందే గంధపు నూనె ఉంటుంది, వాసనంతా అందులోకి చేరుతుంది. థర్మామీటర్ లేదు. మంట చూసే అతను డేగు మీద అరచెయ్యి ఆనించి, భపకా చుట్టూ ఉన్న నీళ్లు తడిమి, ఒక కట్టె బయటికి లాగాడు. అంతే లెక్క.

గంధపు నూనె ధర ఇప్పుడు కిలో లక్ష దాటింది. అంటే 10 మి.లీ. నూనే వెయ్యి పైన పడుతుంది. కాబట్టి వంద రూపాయలకి 10 మి.లీ. "గంధం మీద దించిన గులాబీ అత్తరు" అని ఎవరన్నా నమ్మకండి, అది పారఫిన్‌లో కలిపిన సెంటు.

బట్టీ యజమాని మమ్మల్ని లోపల గదిలో కూర్చోబెట్టి ఒక కుప్పీ తెచ్చాడు. కుప్పీ అంటే తోలు బుడ్డి. కొత్త అత్తరులో మిగిలిన తేమ ఆ తోలులోంచి మెల్లగా ఆరిపోతుంది. అందులో ఉన్నది వాళ్ల నాన్నగారు దించిన షమామా (రకరకాల మూలికలు కలిపి దించే అత్తరు), అమ్మకానికి కాదన్నాడు. కొత్త షమామా మూలికల ఘాటుతో ముక్కుని గుద్దుతుంది. దీన్లో ఆ ఘాటు లేదు. పాత పుస్తకాల బీరువా తెరిచినట్టు, దాని వెనక తేనె, చివర్లో గంధం. లేబుల్ లేదు, సంవత్సరం రాసి లేదు. వాసన చూడనిచ్చినందుకు డబ్బూ అడగలేదు.

తర్వాత ఖస్. వట్టివేరు నుంచి అక్కడే దించిన నూనె, రాగి వల్ల సన్నటి ఆకుపచ్చ ఛాయ. ఆయన దూదికి అద్ది పిన్నికి ఇచ్చాడు. పిన్ని కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "నాన్న పక్కన కూర్చున్నట్టుందే" అంది. కాశీ ఊసు ఆ తర్వాత రాలేదు.

ఖస్ 5 మి.లీ. రూ. 600 చొప్పున రెండు సీసాలు, మిట్టీ అత్తరు 5 మి.లీ. రూ. 1,100, కొత్త షమామా 10 మి.లీ. రూ. 2,000 పెట్టి కొన్నాను, అన్నింటికీ బిల్లుతో. మిట్టీ అంటే కాల్చిన మట్టి పెంకుల్ని డేగులో వేసి దించేది, మే, జూన్‌లలో వెళ్తే ఆ పని కళ్లారా చూడొచ్చట. కొనేముందు మణికట్టుకి ఒక్కటే రాసుకుని, తిరిగి సాయంత్రం వెళ్లండి. గంటలో పోయేది మంచిది కాదు. ఖరీదైనది కొంటుంటే, 1991 నుంచి ఊళ్లోనే ఉన్న కేంద్ర ప్రభుత్వ సుగంధ కేంద్రంలో నమూనా పరీక్ష సంగతి అడగండి.

షమామాని ఎండ తగలని చోట పెట్టాను, పదేళ్లు తియ్యను. ఖస్ సీసాల్లో ఒకటి పిన్నిది. దాన్ని వంటింట్లో పంచదార డబ్బా వెనక దాచుకుని, మొన్న మేనకోడలి పెళ్లికి మాత్రం తీసి, దూది చెవిలో పెట్టుకుంది.