మెటల్ వాల్వా, టిష్యూ వాల్వా? మన పర్లాకిమిడి వాళ్లకు ఏది మేలు?

ఆంధ్ర సరిహద్దున, ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి మాది. మా బంధువుల్లో గుండె వాల్వ్ మార్పించుకున్నవాళ్లు ఇద్దరున్నారు. మా అప్పకు (అక్కకు) 31వ ఏట మెటల్ వాల్వ్ వేశారు. మేనమామకు 68వ ఏట టిష్యూ వాల్వ్, అంటే జంతువు పొరతో చేసింది, వేశారు. ఇప్పుడు మా ఆవిడ చెల్లెలికి 24 ఏళ్లు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని ఎకో (గుండె స్కానింగ్) తీయిస్తే మైట్రల్ వాల్వ్, అంటే గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య తలుపు, ఇరుకైందని తేలింది. "బావా, రెండూ చూసినవాడివి, ఏది మంచిదో నువ్వే చెప్పు" అంది. వాల్వ్‌ని చూసి చెప్పే జవాబు కాదిది. మనిషి వయసు, చేసే పని, పిల్లల సంగతి, రక్తపరీక్ష ఎంత దూరంలో దొరుకుతుందన్నది, ఇవన్నీ చూసి చెప్పాలి.

ముందు అప్ప సంగతి. చిన్నప్పుడు గొంతునొప్పి, జ్వరం, ఆ తర్వాత మోకాళ్ల వాపు వచ్చాయి. ఎదిగే పిల్లకు మామూలేనని ఇంట్లో వదిలేశారు. అది రుమాటిక్ జ్వరం. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి గొంతులో చేరితే దాని మీద ఒళ్లు చేసే పోరాటం కొందరిలో గుండె వాల్వ్ మీదికి కూడా మళ్లుతుంది. ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ల పిల్లలకు వస్తుంది. వాల్వ్ చెడటం బయటపడేసరికి ఏళ్లు గడిచిపోతాయి. చాలామంది ఆడవాళ్లకు కడుపుతో ఉన్నప్పుడే మొదటిసారి తెలుస్తుంది. మా అప్పకూ రెండో కాన్పులోనే తెలిసింది. అప్పటికే గుండె లయ తప్పి కొట్టుకుంటోంది, వాల్వ్‌లో సున్నం పేరుకుంది.

ఆమెకు వేసింది తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ తయారుచేసిన చిత్ర వాల్వ్. 1990లో మొదటిసారి మనిషికి అమర్చారు. విదేశీ వాల్వ్‌ల ధర అందని చాలామందికి దిక్కైంది. మెటల్ వాల్వ్ అంటాం గానీ, అందులో ఊగే బిళ్ల గట్టి ప్లాస్టిక్‌దే, చట్రమే లోహం. రాత్రి ఫ్యాన్ ఆపేస్తే అప్ప పక్కన పడుకున్నవాళ్లకు సన్నగా టిక్ టిక్ అని వినిపిస్తుంది. మా మేనకోడలు ఆ చప్పుడు వింటూనే పెరిగింది. ఆ శబ్దం మందగిస్తే, ఆయాసం వస్తే, ఒక పూట కూడా ఆగకూడదు. బిళ్ల దగ్గర రక్తం గడ్డకట్టి ఉండొచ్చు.

మెటల్ వాల్వ్ గొప్పతనం దాని మన్నిక. దశాబ్దాలు పనిచేస్తుంది. దాని బాకీ మాత్రం ఎసిట్రోమ్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మాత్రల రూపంలో జీవితాంతం తీర్చాలి. మైట్రల్ స్థానంలో మెటల్ ఉంటే ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష లెక్క) 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలంటారు. తగ్గితే గడ్డలు, పక్షవాతం. పెరిగితే రక్తస్రావం. ఒక ఏడాది ఆషాఢంలో ఇంటిల్లిపాదీ మునగాకు కూర తిన్నాం, అప్ప ఐఎన్ఆర్ 1.6కి పడిపోయింది. ఆకుకూరల్లోని విటమిన్ కె మాత్రకు ఎదురు పనిచేస్తుంది. అలాగని మానేయక్కర్లేదు, వారానికి ఎంత తింటారో ఎప్పుడూ అంతే తినాలి. మా పొరుగున ఒడియా వాళ్లింట్లో రోజూ సాగ, అంటే ఆకుకూర, ఉండాల్సిందే. అలాంటి ఇంట్లో రోజూ తినడమే మేలు, దానికి తగ్గట్టు డోసు కుదురుతుంది.

ఇంకోసారి మోకాలినొప్పికి మందుల షాపులో అడిగి మాత్రలు తెచ్చుకుంది. నాలుగో రోజున బ్రష్ చేస్తుంటే చిగుళ్ల నుంచి రక్తం. ఒక ల్యాబ్‌లో రక్తం ఇస్తే వాళ్లు శాంపిల్ బయటికి పంపి మూడు రోజుల తర్వాత రిపోర్టు ఇచ్చారు, 6.2 అని. ఆ మూడు రోజులూ మా టెన్షన్ చెప్పలేను. ఇప్పుడు శ్రీకాకుళం బస్సెక్కి, అదే రోజు రిపోర్టు ఇచ్చే చోటే చేయిస్తున్నాం. మన ఊరి లెక్కలో మెటల్ వాల్వ్‌కు అసలు ఖర్చు ఈ బస్సు ప్రయాణమే. పరీక్ష అక్కర్లేని కొత్త రకం పలచబరిచే మందులు వాడొచ్చుగా అని నేనూ అడిగాను. మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లకు అవి పనికిరావు. 2013లో వచ్చిన డాబిగాట్రాన్ అధ్యయనంలో గడ్డలూ రక్తస్రావమూ రెండూ ఎక్కువయ్యాయి.

మామయ్యది వేరే కథ. ఆయనది వయసుతో సున్నం పేరుకున్న అయోర్టిక్ వాల్వ్, గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలోని తలుపు. కళ్లు తిరిగి పడిపోయారు. ఆయన కొమ్ము బొమ్మలు చెక్కే మనిషి, ఆకురాయీ ఉలీ రోజంతా చేతిలోనే ఉంటాయి, వేళ్లు తెగడం మామూలే. టిష్యూ వాల్వ్ ఆవుదో ఎద్దుదో గుండె పొరతోనో, పంది వాల్వ్‌తోనో చేస్తారని అత్త కంగారు పడితే, "జన్మంతా కొమ్ముతో బతికినవాణ్ణి, ఇప్పుడు పొరకు వంక పెడతానా" అన్నారు. మూడు నెలలు పలచబరిచే మాత్ర వాడారు, ఆపేశారు. టిష్యూ వాల్వ్ పది పదిహేనేళ్లు వస్తుంది, పెద్దవయసులో ఇంకా నిదానంగా అరుగుతుంది. 65 దాటినవాళ్లకు నా ఓటు టిష్యూకే.

మరి అప్పకు టిష్యూ వేసి ఉంటే? లయ తప్పిన గుండె కాబట్టి మాత్ర ఎలాగూ తప్పేది కాదు. పైగా చిన్నవయసులో టిష్యూ త్వరగా చెడుతుంది, నలభైల్లో మళ్లీ ఛాతీ తెరవాలి. రెండో ఆపరేషన్ మొదటిదానికన్నా ప్రమాదం. ఆమెకు మెటలే సరైనది.

మరదలికి ఆ లెక్క కుదరదు. ఆమెకింకా పిల్లల్లేరు. కడుపుతో ఉన్న తొలి నెలల్లో వార్ఫరిన్ రకం మాత్రలు బిడ్డకు హాని చేస్తాయి, ఆపితే తల్లికి వాల్వ్ మీద గడ్డ. టిష్యూ వేస్తే కాన్పులు తేలిక గానీ, రెండో ఆపరేషన్‌కు ఇప్పుడే సంతకం పెట్టినట్టు.

అందుకే ఆమెను మూడో దారి అడగమన్నాను, బెలూన్. జపాన్ సర్జన్ కాంజి ఇనౌయె 1984లో లోకానికి తెలిపిన పద్ధతి. గజ్జల దగ్గర సిర గుండా బెలూన్ పంపి, అతుక్కున్న వాల్వ్ అంచుల్ని విడదీస్తారు. ఛాతీ కోయరు, రెండు మూడు రోజుల్లో ఇంటికొస్తారు. వాల్వ్ మెత్తగా ఉండాలి, లీకు ఎక్కువ ఉండకూడదు, గుండె గదిలో గడ్డ ఉండకూడదు. కొన్నేళ్లకు మళ్లీ ఇరుకవ్వొచ్చు, అయినా సొంత వాల్వ్ సొంతదే. మామూలు మైట్రల్ రంధ్రం 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు, మరదలిది 1.0. విశాఖలో గొంతు గుండా ఎకో చూసి, బెలూన్‌కు సరిపోతుందన్నారు. వెళ్లేముందు కార్డు సంగతి తేల్చుకోండి. ఆంధ్రలో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న పథకం సరిహద్దు అవతలి పాతపట్నం వాళ్లకు, మనది ఒడిశా కార్డు. ఆ ఆసుపత్రి దాన్ని తీసుకుంటుందో లేదో ఫోన్ చేసి అడగాలి.

ఏ దారి పట్టినా రుమాటిక్ వాల్వ్ వాళ్లకు ఆ జ్వరం మళ్లీ రాకుండా మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ల తరబడి తప్పదు. చాలామందికి నలభయ్యో ఏడు వచ్చేదాకా సాగుతుంది. వాల్వ్ మార్చినా మానకూడదు. కృత్రిమ వాల్వ్ ఉన్నవాళ్లు పన్ను పీకించుకునే ముందు ఆ సంగతి పళ్ల డాక్టరుకు చెప్పి, యాంటీబయాటిక్ వేసుకోవాలి. మరదలు గోడ క్యాలెండర్‌లో 21 రోజులకోసారి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది. దాని కిందే అప్ప ఐఎన్ఆర్ తారీఖులూ రాసింది, బస్సు ఛార్జీ ఒకళ్లది కలిసొస్తుందని.