కరీబియన్‌లో 377 లాంటి చట్టాలు: కోర్టు మేలా, కమిషన్ మేలా, పార్లమెంటు మేలా?

బ్రిటిష్ వాళ్లు కరీబియన్‌లో వదిలేసి పోయిన ‘బగరీ’ చట్టాలు, అంటే పురుషుల మధ్య సంబంధాన్ని నేరం చేసేవి, స్వలింగ సంబంధాలను నేరం చేసిన మన శిక్షాస్మృతి సెక్షన్ 377కు దాయాదులే. బెలీజ్ సెక్షన్ 53లోనూ ‘ప్రకృతి విరుద్ధ సంభోగం’ అన్న మాటే ఉంది, శిక్ష పదేళ్లు. వీటిని తీయించడానికి అక్కడి సంఘాలు మూడు దారులు పట్టాయి: సొంత దేశపు కోర్టు, అమెరికా ఖండాల దేశాల కూటమికి చెందిన అంతర్-అమెరికా మానవ హక్కుల కమిషన్, పార్లమెంటు.

కోర్టు దారి పడితే, లాయరును మాట్లాడుకునేకంటే ముందు రాజ్యాంగం తెరిచి చూడాలి. స్వాతంత్ర్యానికి ముందు నుంచీ ఉన్న చట్టాలను ప్రాథమిక హక్కుల పేరుతో కొట్టేయకూడదని చాలా రాజ్యాంగాల్లో ఒక నిబంధన ఉంది. దాన్ని సేవింగ్స్ క్లాజ్ అంటారు. కొన్ని కేసులు దీని దగ్గరే ఆగిపోయాయి. బెలీజ్‌లో ఆ రక్షణ 1981లో స్వాతంత్ర్యం వచ్చాక ఐదేళ్లకే తీరిపోయింది. అందుకే 2010లో పిటిషన్ వేసిన కేలబ్ ఒరోస్కో 2016 ఆగస్టు 10న గెలిచారు. అప్పీలు తేలేసరికి 2019 డిసెంబరు వచ్చింది. ఈలోగా ఎవరో విసిరిన సీసా తగిలి ఆయన పళ్లు పోయాయి. పిటిషనర్‌ను ఎంచుకునేటప్పుడే ఆ మనిషి భద్రత ఎవరు చూస్తారో తేల్చుకోవాలి.

అదే కేసులో ఒరోస్కో పనిచేసే యూనిబామ్ అనే హక్కుల సంఘాన్ని పిటిషనర్‌గా కోర్టు తొలగించింది. ఒరోస్కో పేరు కూడా ఉండబట్టే కేసు నిలిచింది. సంఘం ఒక్కటే వెళ్లడం ప్రమాదం, మనిషి ఒక్కరే వెళ్లడం అన్యాయం.

ట్రినిడాడ్ అనుభవం ఇంకా చేదు. 2018 ఏప్రిల్ 12న జేసన్ జోన్స్ గెలిచారు. 1986 నాటి లైంగిక నేరాల చట్టాన్ని కొత్తదిగానే చూడాలి, దానికి సేవింగ్స్ క్లాజ్ వర్తించదు అన్నారు జడ్జి రాంపెర్సాద్. 2025 మార్చిలో అప్పీలు కోర్టు ఇద్దరికి ఒకరి తేడాతో ఆ తీర్పును తిరగేసింది: పాత నిషేధమే కొత్త చట్టంలో కొనసాగుతోందట. ఏడేళ్ల విజయం ఒక్క రోజులో పోయింది. మొదటి తీర్పుకే డబ్బూ ఓపికా అయిపోయేలా ప్రణాళిక వేసుకోకూడదు.

తూర్పు కరీబియన్‌లో ఎకేడ్ అనే కూటమి దేశానికో కేసు చొప్పున ముందే పథకం వేసుకుంది. 2022లో ఆంటిగ్వా, సెయింట్ కిట్స్, బార్బడోస్ కేసులు వరుసగా గెలిచాయి. సెయింట్ విన్సెంట్‌లో వేరే కేసు 2024లో ఓడింది. పిటిషనర్లు ఇద్దరూ విదేశాల్లో ఉంటున్నవారు, పైగా హెచ్ఐవీ వ్యాప్తిని చూపి ప్రజారోగ్యం పేరుతో ప్రభుత్వం చేసిన వాదనను కోర్టు ఒప్పుకుంది. హెచ్ఐవీ నిపుణుల సాక్ష్యం గట్టిగా లేకుండా ఇలాంటి కేసు వేయకూడదనే నా అభిప్రాయం.

జమైకాలో పరిస్థితి వేరు. లైంగిక నేరాల చట్టాలను ఎవరూ ముట్టకుండా రాజ్యాంగంలోని 2011 హక్కుల పత్రంలోనే కంచె కట్టారు. కమిషన్‌కు వెళ్లినవాళ్లు గెలిచారు, 2021లో ఆ నివేదిక బయటికొచ్చింది. కానీ కమిషన్ సిఫార్సు చేయగలదే తప్ప చట్టాన్ని కొట్టేయలేదు. అక్కడ మిగిలింది పార్లమెంటే. ఆ దారి ఎలా ఉంటుందో బహామాస్ 1991లో చూపించింది: కోర్టు లేకుండానే నేరం తొలగింది, కానీ సమ్మతి వయసు ఇతరులకు 16 అయితే స్వలింగ సంబంధాలకు 18గా పెట్టారు.

నన్ను అడిగితే, సేవింగ్స్ క్లాజ్ అడ్డం లేనిచోట కోర్టే మేలు. అడ్డం ఉంటే గయానా ట్రాన్స్ మహిళలు చేసినట్టు చిన్న సెక్షన్‌తో మొదలుపెట్టవచ్చు. 2009 ఫిబ్రవరిలో జార్జ్‌టౌన్‌లో ఆడవాళ్ల బట్టలు వేసుకున్నారని పోలీసులు పట్టుకుని లాకప్‌లో పెడితే, మేజిస్ట్రేటు జరిమానా వేసి చర్చికి వెళ్లమన్నారు. 2018 నవంబరు 13న కరీబియన్ న్యాయస్థానం ‘అనుచిత ప్రయోజనం’ కోసం ఎదుటి లింగం బట్టలు వేసుకోవడాన్ని నేరం చేసిన ఆ 1893 నాటి సెక్షన్‌ను కొట్టేసింది. ‘అనుచిత ప్రయోజనం’ అంటే ఏమిటో అందులో స్పష్టత లేదన్నది ఒక కారణం. హిజ్రాలపై వచ్చిన మన నిజాం కాలపు తెలంగాణ యూనక్స్ చట్టం కూడా అలాగే బట్టలను నేరం చేసింది. దాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టేసింది. గయానా తీర్పు మాత్రం బట్టల సెక్షన్ వరకే. పురుషుల మధ్య సంబంధాన్ని నేరం చేసే సెక్షన్లను అది ముట్టుకోలేదు.